తుండు కూర్చున్న సీటు

బెంగళూరు పాత విమానాశ్రయం. డిసెంబరు. తెల్లవారుజాము అయిదున్నర.
కోడిహళ్ళి మీంచి మంచు దిగి
రన్‌వే మీద గొంతుక్కూచుంది.
టికెట్టు మీద పేరుంది, రేటుంది,
సీటు నంబరుండాల్సిన చోట ఖాళీ గడి.
ముందెక్కినవాడిదే కుర్చీ.

ఈ విద్య నాకు కొత్త కాదు.
మోటారు పంపులమ్ముకునే వాణ్ణి,
ఇరవయ్యేళ్ళు బెజవాడ బస్టాండులో
ఇంకా ఆగని బస్సు కిటికీలోకి రుమాలు విసిరి
బందరు దాకా రాజ్యమేలినవాణ్ణి.
విమానం కిటికీ తెరుచుకోదని తెలిశాక మాత్రం
కాసేపు దిగులేసింది.

గేటు దగ్గర క్యూ అంటూ ఒకటుండేది,
మైకులో ఆ అమ్మాయి "విజయవాడ" అనబోయేదాకా.
"విజ" దగ్గరే అది ప్రాణం వదిలింది.
సూటు వేసుకున్నాయన మోచేయి
సూటు విప్పేసింది.
చంటిబిడ్డ తల్లి బిడ్డను జెండాలా ఎత్తిపట్టింది.
"సాలాగి బన్ని, సాలాగి బన్ని" అని మొత్తుకుంటూ
కాగితాలు చింపే కుర్రాడు,
టై ఎవరి సంచీ జిప్పులోనో ఇరుక్కుని
మాతోపాటు నాలుగడుగులు ప్రయాణం చేశాడు.

బస్సులు రెండు, ఒకే రంగు.
ఆవల విమానాలూ రెండు, ఒకే రంగు,
అలిగిన తోడికోడళ్ళలా తోకలు అటు తిప్పుకుని.
బస్సులో ముందెక్కినవాడు దిగేటప్పుడు వెనకైపోతాడు.
తలుపు పక్కనే వేలాడాలి. ఆ సూక్ష్మం
నాకూ, ఏసురత్నానికీ తెలుసు.

ఏసురత్నం వాళ్ళు ఏడుగురు, పెడన ఆడవాళ్ళు.
ఎగ్జిబిషన్లో అద్దకం దుప్పట్లు అమ్ముకుని వస్తున్నారు,
వేళ్ళ కణుపుల్లో ఇంకా నీలిమందు.
విమానం వెనక మెట్లు ఆవిడ మూడంగల్లో ఎక్కింది.
ఆవిడ భుజం పక్కనించి దూరి
ఆరో వరసలో కిటికీ నేను పట్టాను.

ఆవిడ వాళ్ళకి ఏడు సీట్లు.
ఆరింటిలో మనుషులు,
ఏడోదాంట్లో కలంకారీ తుండు.
"ఎవరిదిది?" "మా నాంచారమ్మది. వస్తంది."
ఎయిర్ హోస్టెస్ చేతిలో మీట టిక్కుటిక్కుమని
తలలు లెక్కపెట్టింది. ఒకటి తక్కువ.
మళ్ళీ లెక్క. మళ్ళీ తక్కువ.
"తుండు మనిషి కాదమ్మా."
"మనిషిదే గదమ్మా."

అరగంట. ఏసీ లేదు.
ఇంతలేసి యుద్ధం చేసి గెలిచిన కుర్చీల్లో
ఇక చేసేదేం లేక చెమటలు కారుస్తూ మేం.
ఎవరో ఇడ్లీ పొట్లం విప్పారు.
సూటాయన వద్దువద్దంటూనే ఒకటిన్నర తిన్నాడు.

అప్పుడొచ్చింది కబురు.
పక్క విమానంలో ఒకరు ఎక్కువ.
కోయంబత్తూరు వెళ్ళేది.
టికెట్టుండీ ఒకాయన నిలబడే ఉన్నాడట,
కిటికీ పక్కన మాత్రం నాంచారమ్మ,
నడుం మీద ఒడ్డాణంలా బెల్టు బిగించుకుని.
ఇది నా సీటని ఆమెనెవరూ లేపలేదు.
నాదనడానికి ఎవరికీ సీటే లేదు గదా.
"ముందొచ్చి కూచున్నా, లేవను" అందట, రెండుసార్లు.

జీపులో తెచ్చారు. చెప్పులు చేతిలో ఉన్నాయి.
ఏసురత్నం తుండు తీసి, దులిపి, భుజాన వేసుకుని
"ఎక్కడ చచ్చావే" అంది.
"అక్కడ కిటికీ దొరికిందే" అంది నాంచారమ్మ.
తనకుంచిన నడవా పక్క సీటు చూసింది.
తర్వాత నా వంక చూసింది.
నా వంక కాదు, కిటికీ వంక.

నేను ముందు జేబులోని కార్డు తీసి చదివాను.
విమానం నీళ్ళలో దిగితే ఏం చెయ్యాలో
ఎనిమిది బొమ్మలున్నాయి.
ఒక్కో బొమ్మా శ్రద్ధగా చూశాను.
లేవలేదు.
ఇరవయ్యేళ్ళ విద్య, అది మోకాళ్ళలో ఉంటుంది.

విమానం లేచింది. మంచు కింద పడిపోయింది.
అటువైపు కూచున్నవాళ్ళకి చెరువులు కనబడ్డాయట,
ఎర్రటి ఎండలో ఒకదాని తర్వాత ఒకటి,
"అదుగో, అదుగో" అంటున్నారు.
నా కిటికీ నిండా మోటారే.
ఎన్ని హార్స్‌పవరో అంచనా కట్టబోయి మానేశాను.
గన్నవరం దాకా గంటన్నర
అది తిరుగుతూనే ఉంది.